చెంప నాది

పడమటిరేవు, నాగాయలంక మండలం
19 నవంబరు 2024

తమ్ముడు పున్నారావుకు అక్క జానకి రాస్తున్నది.

ఇన్నేళ్ళ తర్వాత నా చేతిరాత చూసి కంగారుపడకు. బాగానే ఉన్నాను. ఈ కాగితం ముందు కూర్చునే ముందు చేపల పులుసు వేసుకుని రెండోసారి కూడా అన్నం పెట్టించుకున్నాను. నువ్వు వారం నుంచి ఫోన్ చేస్తూనే ఉన్నావని మీ బావ చెప్పాడు. లాభం లేదురా. కుడి చెవి చిన్నప్పుడు చీము పట్టిన దగ్గర్నుంచి అంతంత మాత్రమే కదా, ఇప్పుడు ఎడమదీ పోయింది. ఎదురుగా నిలబడి అరిస్తే వినపడుతుంది. ఫోనులో తుమ్మెద రొద తప్ప ఏమీ లేదు. నా బటన్ ఫోనుకి తెలుగు రాదు, నాకు ఇంగ్లీషు రాదు. పదో తరగతి దాకా చదివిన చదువు ఇన్నాళ్ళకి పనికొచ్చింది.

నీకు ఎవరెవరో ఏదేదో చెప్పి ఉంటారు. జరిగింది ఇది. పదకొండో తేదీ సోమవారం పొద్దున్న ఇసకలో పరదా పరిచి నెత్తళ్ళ చేపలు ఎండేశాను. సన్నగా, తెల్లగా, చూడముచ్చటగా ఉన్నాయి. సత్యవతమ్మ కొడుకు దుర్గాప్రసాద్ ట్రాలీ ఆటో వెనక్కి తిప్పుతూ పరదా మీదుగా ఎక్కించేశాడు. "కళ్ళెక్కడ పెట్టుకున్నావురా?" అన్నాను. దిగాడు. "దారికడ్డంగా ఎండేసి నన్నంటావేంటి?" అన్నాడు. "దారి అటుంది, ఇది ఇసక. కూర్చుని ఒక్కొక్కటీ ఏరు," అన్నాను. అందరూ నవ్వారు. ఆ నవ్వుకి వాడి మొహం మాడిపోయింది. అంతే, కొట్టాడు.

నవ్విన ముప్పై మందీ అక్కడే ఉన్నారు. ఒక్కరూ నోరెత్తలేదు. కాకుల మీద నమ్మకం లేక ముందు నెత్తళ్ళన్నీ గంపకెత్తాను. తర్వాత ఇంకో ఆటో ఎక్కి స్టేషన్‌కి వెళ్ళాను. ఎస్‌ఐ గారు నేను చెప్పింది చెప్పినట్టు రాయించి, ఎఫ్‌ఐఆర్ కాపీ నా చేతికిచ్చారు. అది రేషన్ కార్డు పక్కన పెట్టుకున్నాను. కర్ణభేరికి చిల్లు పడిందని బందరు ఆసుపత్రిలో డాక్టరు చెప్పింది. మూడు నెలలు చూసి, దానంతటది మూసుకోకపోతే ఆపరేషన్ చేస్తారట.

నువ్వు మాత్రం బయలుదేరి రావద్దు. నీ సంగతి నాకు తెలుసు.

కుమారికీ, చిన్నదానికీ నా ముద్దులు.
అక్క


ముదినేపల్లి
26 నవంబరు 2024

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి చదవబోతే కుమారి లాక్కుంది, చించేస్తానేమోనని.

నువ్వు నవ్వుతూ రాశావు. నాకు నవ్వు రావడం లేదు. చెరువు గట్టు మీద నడుస్తుంటే ఆ ముప్పై మందీ నా వెనకాలే నడుస్తున్నట్టుంది. తిన్నది ఒంటికి పట్టడం లేదు. కేసు పెట్టావు, మంచిదే. కానీ కేసంటే ఎన్నేళ్ళు? నాకు ఒక్క పూట చాలు. అదే రేవులో, అదే ముప్పై మంది ముందు వాడి చెంప పగలగొట్టి వస్తాను. అప్పటిదాకా గడ్డం గీయనని ఒట్టు పెట్టుకున్నాను. చిన్నది దగ్గరికి రావడం మానేసింది, గుచ్చుకుంటోందట.

ఇక్కడ చేపల చెరువుల్లో బొచ్చెలు, శీలావతులు ఎదిగాయి. రోజు విడిచి రోజు వల దింపుతున్నాం. సూపర్‌వైజర్‌ని కదా, ఈ పట్టుబడి అయ్యేదాకా కదలడానికి లేదు. అది వాడి అదృష్టం.

ఈ దెబ్బ నీకు తగిలింది కాదక్కా, మన ఇంటికి తగిలింది. నువ్వు తప్పుకో. నేను చూసుకుంటాను.

నీ తమ్ముడు
పున్నారావు


పడమటిరేవు
9 డిసెంబరు 2024

ఒరేయ్ గడ్డపాయనా,

ఇంటికి చెవులుండవురా. చిల్లు పడింది నా చెవికి. పొద్దున్నే లేచి తలగడ మీద రసి చూసుకునేది నేను. చెంప నాది, పగ నీదెలా అయింది?

ఎందుకు కోపం వచ్చిందో చెబుతాను. కిందటి శుక్రవారం గోవర్ధనరావు మావయ్య మా అరుగు మీదకి వచ్చాడు. ఐసు ఫ్యాక్టరీ ఆయనది కాబట్టి ఊళ్ళో ఏ తగువైనా ఆయనే తీరుస్తాడు కదా. నోట్లో నోట్లో, "ఆడదాని పేరు కోర్టుకెక్కడం ఏం బాగుంటుందమ్మా? మీ తమ్ముణ్ణి పిలిపించు. మగాళ్ళం కూర్చుని మాట్లాడుకుంటాం," అన్నాడు. పెదవులు చూస్తే అర్థమైంది. అయినా, "వినపడలేదు మావయ్యా, గట్టిగా చెప్పండి," అన్నాను. కాస్త గొంతు పెంచాడు. "ఇంకొంచెం," అన్నాను. చివరికి అరుగు మీద లేచి నిలబడి, "వాడు కొట్టడం తప్పే! కానీ రాజీ పడితే మంచిదీ!" అని అరిచాడు. వీధి వీధంతా బయటికొచ్చింది. "తప్పేనని మావయ్య గారే అన్నారు, అందరూ విన్నారు కదా?" అన్నాను. ఆయన చెప్పులు వదిలేసి వెళ్ళిపోయాడు. మీ బావ వెనకాలే పరిగెత్తి ఇచ్చొచ్చాడు.

నవ్వుకున్నాను కానీ, ఆ తర్వాత కూర్చుని ఆలోచిస్తే నీ ఉత్తరం గుర్తొచ్చింది. ఆయన రాజీ అంటాడు, నువ్వు పగ అంటావు. ఇద్దరూ నన్ను తప్పుకోమనే అంటున్నారు.

అందుకే బందరు వెళ్ళాను. కోర్టు ఆవరణలో పేదవాళ్ళకి ఉచితంగా లాయరుని ఇచ్చే ఆఫీసు ఉంది. మాధవి గారని చిన్నమ్మాయే లాయరు, ఓపిక గల మనిషి. నేను వినలేనని కాగితం మీద రాసి చూపించింది. రాజీ పడాలన్నా దెబ్బ తిన్న మనిషే పడాలట, అదీ కోర్టు సరేనంటేనే. మావయ్య, నువ్వు, మీ బావ, ఎవరూ నా తరఫున పడటానికి లేదు. కేసు ఎంతవరకు వచ్చిందో తొంభై రోజుల్లోగా పోలీసులు నాకు చెప్పాలట. కోర్టులో సర్కారు వకీలుకి సాయంగా మాధవి గారు నా తరఫున కూర్చోవచ్చట. ఇన్ని ఉన్నాయని తెలిసేసరికి నాకు కొత్త చీర కట్టుకున్నట్టయింది. తిరుగు బస్సులో ఆ కాగితం నాలుగుసార్లు చదువుకున్నాను.

నువ్వు వచ్చి వాడి మీద చెయ్యి వేస్తే ఏమవుతుందో తెలుసా? ఈ పక్క ఒక దెబ్బ, ఆ పక్క ఒక దెబ్బ, చెల్లుకు చెల్లు అని మావయ్య అరుగు మీద తేల్చేస్తాడు. నా కేసు గాలికి పోతుంది. నువ్వు లోపలికి పోతావు. నీ కూతురు నన్ను అడుగుతుంది, నాన్న ఎప్పుడొస్తాడు అత్తా అని. నేను వినపడలేదని తప్పించుకోవాలి.

గడ్డం గీసుకో.

నీ అక్క


ముదినేపల్లి
27 ఫిబ్రవరి 2025

అక్కా,

కుమారి వాళ్ళన్నయ్య నాగాయలంక వచ్చి చూసి చెప్పాడు. నీకు పది రోజుల క్రితమే ఆపరేషన్ అయిందట. నా సొంత అక్కకి చెవి కోస్తే నాకు పక్కవాళ్ళ నోట తెలియాలా?

అది కూడా సరే. నీ పక్కన కూర్చుని అన్నం కలిపి పెడుతున్నది ఆ దుర్గాప్రసాద్ తల్లి అట కదా. రోజూ వస్తోందట. వాళ్ళింటి క్యారేజీ నీ వంటింట్లో ఉందట. రాజీ పడ్డావని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. నేను మూడు నెలలుగా పిచ్చివాడిలా గడ్డం పెంచుకుని తిరుగుతున్నాను.

ఇక నేనెవరిని చెప్పడానికి.

పున్నారావు


పడమటిరేవు
4 మార్చి 2025

నాన్నా పున్నారావూ,

ఆపరేషన్ సంగతి దాచడం నా తప్పు. నువ్వు ఆసుపత్రికి వస్తావు, అక్కడ సత్యవతమ్మని చూస్తావు, ఆమెను ఏమంటావోనని భయపడ్డాను. నీ మనసు నొప్పిస్తానని అనుకోలేదు. ఇక దాచను.

రాజీ పడలేదు. కేసు నడుస్తోంది. చార్జిషీటు వేశామని స్టేషన్ నుంచి కాగితం ఇచ్చారు. సాక్షులుగా ఆ ముప్పై మందిలో నలుగురు సంతకాలు పెట్టారు. మావయ్య అరుపు విన్నాక వాళ్ళకి ధైర్యం వచ్చిందట!

సత్యవతమ్మ సంగతి. జనవరిలో ఒకరోజు వచ్చి గుమ్మం బయట నిలబడి ఏడ్చింది. ముప్పై ఏళ్ళు ఆమె, నేను ఒకే బస్సులో గంపలు పెట్టుకుని అవనిగడ్డ వెళ్ళినవాళ్ళం. "నీ కొడుకు సంగతి కోర్టులో తేలుతుంది, నీ సంగతి వేరు. లోపలికి రా. కేసు మాట ఎత్తితే మాత్రం లేచి వెళ్ళిపోవాలి," అన్నాను. ఇప్పటికి రెండుసార్లు ఎత్తింది. రెండుసార్లూ పంపించేశాను. మర్నాడు మళ్ళీ వచ్చింది. నన్ను నెలన్నర బరువులెత్తొద్దన్నారు, తల వంచొద్దన్నారు. మీ బావ వేటకెళ్తే గంప ఎవరు మోస్తారు? ఆమే మోస్తోంది. ఆమె చారు పరమ చప్పగా ఉంటుంది, అది వేరే శిక్ష.

చెవి వెనక నుంచి సన్నని పొర తీసి చిల్లుకి అతికించారు. ఇంకా దూది ఉంది. నిన్న మాత్రం దూది లోంచే ఒక శబ్దం వినిపించినట్టయింది. చూస్తే పెరట్లో సత్యవతమ్మ మీ బావని తిడుతోంది.

అలక మాని నాలుగు మాటలు రాయి.

అక్క


ముదినేపల్లి
17 మార్చి 2025

అక్కా,

ఆదివారం వస్తున్నాను. కర్రలు కోయించి సిద్ధంగా పెట్టాను. ఇద్దరు మనుషుల్ని కూడా తెస్తున్నాను. ఆ రేవులో ఇంకెవరూ నీ జోలికి రాకుండా చేసి వస్తాను. ఇక ఏమీ అడ్డు చెప్పకు. మిగతాది ఎదురుగా మాట్లాడుకుందాం.

పున్నారావు


ముదినేపల్లి
26 మార్చి 2025

అక్కకి నమస్కారాలు.

ఇంటికొచ్చి మూడు రోజులైనా కుమారి నవ్వు ఆపడం లేదు. పక్కింటివాళ్ళకి కూడా చెప్పేసింది. నువ్వు చూసింది చివర మాత్రమే. మొదలు నేను చెబుతాను.

మోపిదేవి దాటి హాయిగా వస్తున్నాం. ముందు మినీ వ్యాను, వెనక నా బండి. రోడ్డుకి అడ్డంగా జీపు. ఎస్‌ఐ గారు దిగి, "పున్నారావంటే నువ్వేనా? ఎన్ని కర్రలున్నాయి?" అన్నారు. "నలభై అండీ," అన్నాను. ఆయన మొహం మారిపోయింది. "నలభయ్యా! మనుషులెంతమంది?" అన్నారు. "ఇద్దరండీ, గుంటలు తవ్వడానికి." "గుంటలా!" అని కానిస్టేబుల్ నా చొక్కా పట్టుకున్నాడు. టార్పాలిన్ తీసి చూస్తే పన్నెండడుగుల సరుగుడు వాసాలు, రెండు చుట్టల నైలాన్ వల. నీ చేపలు నేల మీద కాకుండా నడుమెత్తున ఎండేసుకునేలా పందిరి వేద్దామని తెచ్చానని చెప్పాను. ఎస్‌ఐ గారు అరనిమిషం నన్నూ వాసాలనూ చూసి, జీపు బానెట్ మీద చెయ్యేసి నవ్వడం మొదలుపెట్టారు. "మీ అక్క గురువారం వచ్చి, మా తమ్ముడు కర్రలతో వస్తున్నాడు, వాడు తప్పు చేయకముందే ఆపండి, వాణ్ణి కొట్టకుండా ఆపండి అని కాగితం రాసిచ్చిందయ్యా," అన్నారు. పందిరి ఎక్కడ వేస్తావో చూస్తానని ఆయనా బయలుదేరారు, అందుకే జీపు మా ముందు నడిచింది. నువ్వేమో నన్ను అరెస్టు చేసి తెస్తున్నారనుకుని గరిటెతో ఎదురొచ్చావు.

సొంత తమ్ముడి మీద కాగితం పెట్టినందుకు కోపం రావాలి. రాలేదు. ఎందుకు రాలేదో ఎదురుగా చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

మార్చి ఎనిమిదో తేదీ పొద్దున్న, మా చెరువు తూముకి వల కట్టడం నా కింద పనిచేసే నరసింహం మరిచిపోయాడు. చేపపిల్లలు సగం కాలవలోకి పోయాయి. ఆయన నాకంటే పదేళ్ళు పెద్ద. నేను గట్టు మీద నుంచి పరిగెత్తుకెళ్ళి లాగి కొట్టాను. ఆయన చెయ్యి మెల్లగా చెవి మీదకి వెళ్ళింది. చుట్టూ పది మంది ఉన్నారు. అందరూ నీళ్ళకేసి చూస్తున్నారు.

అక్కా, ఆ క్షణంలో నాకు దుర్గాప్రసాద్ మీద కోపం ఏమైపోయిందో తెలియదు. గుడివాడ తీసుకెళ్ళి ఆయనకి చెవి చూపించాను. ఏమీ కాలేదన్నారు. తిరిగొస్తూ మంగలి షాపు దగ్గర ఆగి గడ్డం తీయించేశాను. పందిరిలో నువ్వు నా నున్నటి గడ్డం పట్టుకుని, "బుద్ధొచ్చింది," అని మురిసిపోతుంటే, నాకు బుద్ధి ఎలా వచ్చిందో చెప్పే ధైర్యం చాలలేదు.

నువ్వు నన్ను క్షమించానని ఒక్క మాట రాస్తే నిద్ర పడుతుంది.

పున్నారావు


పడమటిరేవు
31 మార్చి 2025

తమ్ముడూ,

నిన్న పండగ పూట నీ ఉత్తరం దగ్గర పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మీ బావ పచ్చడి గిన్నె ఇస్తే చేదు కూడా తెలియలేదు.

నేను క్షమించలేను. నీ మీద కోపంతో కాదు. నువ్వు కొట్టింది నన్ను కాదు కాబట్టి. నా తరఫున మావయ్య రాజీ పడితే ఎలా ఉండేదో, నరసింహం తరఫున నేను మాఫీ చేస్తే అలాగే ఉంటుంది. ఆయన్ని అడుగు. ఒక్కడే ఉన్నప్పుడు కాదు, ఆ పది మందీ ఉన్నప్పుడు అడుగు. ఆయన స్టేషన్‌కి వెళ్తానంటే అడ్డు పడకు. ఏమీ అననంటే దాన్ని మాఫీ అనుకోకు. పని పోతుందని భయపడే మనిషి ఏమీ అనడు.

నిజం దాచకుండా రాశావు. అది మాత్రం నాకు దక్కిన పండగ.

పందిరి చాలా బాగుంది. ఊళ్ళో ఇంకో ముగ్గురు అలాంటిదే కావాలంటున్నారు. ఎస్‌ఐ గారు అటు వెళ్ళినప్పుడల్లా జీపు ఆపి, "కర్రలు గట్టిగానే ఉన్నాయా అమ్మా?" అంటున్నారు.

అక్క


ముదినేపల్లి
12 ఏప్రిల్ 2025

అక్కా,

అడిగాను.

టీ తాగే వేళకి అందరూ పంపు షెడ్డు దగ్గర చేరతారు. అక్కడ నిలబడి, "నరసింహం, నేను నిన్ను కొట్టడం తప్పు. నువ్వు స్టేషన్‌కి వెళ్తానంటే నా బండి మీద నేనే తీసుకెళ్తాను," అన్నాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "ఆలోచించుకుని చెబుతా," అన్నాడు. ఆలోచించుకోడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ నేను తిన్న అన్నం నాకే తెలుసు.

ఐదో రోజు వచ్చి, "స్టేషనూ వద్దు, ఏమీ వద్దు. పన్నెండేళ్ళుగా మీరు నన్ను ఒరే అంటున్నారు. మా అబ్బాయికి పెళ్ళైంది, కోడలు కూడా వింటోంది. అది మానెయ్యండి. ఏడాది చూస్తా. ఆ తర్వాత మాఫీ సంగతి," అన్నాడు.

నేను కొట్టిన దెబ్బ ఒక్కటే అనుకున్నాను. పన్నెండేళ్ళుగా రోజూ కొడుతున్నానని తెలియలేదు.

ఇప్పుడు నరసింహం గారూ అంటున్నాను. మొదటి రోజు అందరూ నవ్వారు. రెండో రోజు మిగతావాళ్ళు, "మమ్మల్ని కూడా అనండి," అన్నారు. ఇప్పుడు చెరువు గట్టు మీద అందరూ గార్లే. నిన్న కుక్కని కూడా పొరపాటున గారూ అన్నాను. నరసింహం గారు పగలబడి నవ్వారు. మార్చి ఎనిమిది తర్వాత ఆయన నవ్వడం అదే మొదటిసారి.

నీ తమ్ముడు
పున్నారావు


పడమటిరేవు
24 ఆగస్టు 2025

చిరంజీవి పున్నారావుకు,

డాక్టరు చెవి పరీక్ష చేసి వినికిడి ముప్పాతిక వంతు వచ్చేసిందన్నది. ఫోనులోనే చెప్పొచ్చు కానీ, నువ్వు మధ్యలో అడ్డు తగులుతావు. అందుకని కాగితం.

శుక్రవారం కేసు వాయిదా. దుర్గాప్రసాద్ తప్పు ఒప్పుకుంటున్నానన్నాడు. లాయరు చెప్పమన్నాడో, తల్లి చెప్పమన్నదో, వాడికే అనిపించిందో నాకు తెలియదు. మేజిస్ట్రేట్ గారు, "నువ్వేమైనా చెబుతావా అమ్మా?" అన్నారు. మాధవి గారు నా మోచెయ్యి తట్టింది. లేచాను.

"అయ్యా, వాడిని జైల్లో పెట్టమని అడగను, పెట్టొద్దని అడగను. అది మీ పని. మా తమ్ముడు వాడిని కొడతానన్నాడు, ఊరి పెద్ద సర్దుకోమన్నాడు. నేను రెండూ వద్దన్నాను. ఆ రోజు దెబ్బ పడ్డాక ఏమీ జరగనట్టు అందరూ పనిలో పడిపోయారు. అది జరిగిందని, తప్పని, ఇలాంటి చోట ఒకరు పైకి చదవాలి. అది వినడానికే ఆపరేషన్ చేయించుకుని వచ్చాను," అన్నాను. హాల్లో వెనక బెంచీ మీద ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. మేజిస్ట్రేట్ గారు మాత్రం ఆపుకోలేదు.

తర్వాత ఆయన చదివారు. దోషి అన్నారు. ప్రతి అక్షరం విన్నాను. రెండేళ్ళు సక్రమంగా నడుచుకుంటానని బాండు రాయించి వదిలారు, తప్పితే జైలే. నా వైద్యానికి పరిహారం కట్టమన్నారు. బయటికొచ్చాక వాడు వేప చెట్టు కింద తల దించుకుని, "పిన్నీ," అన్నాడు. "ఇప్పుడు కాదు," అన్నాను. నిజంగానే ఇంకా రాలేదురా నాకు మాఫీ. వస్తే చెబుతాను. తొందరేముంది? సత్యవతమ్మ మాత్రం నా పక్క సీట్లోనే కూర్చుని ఇంటికొచ్చింది. బస్సులో జంతికలు కొన్నది. కారం సరిపోయింది.

నిన్న లంక నుంచి పంటు పడవలో ఏరు దాటి ఒకావిడ వచ్చింది. మెహజబీన్ అని, రొయ్యలు ఒలిచే షెడ్డులో పనిచేస్తుంది. అక్కడి మేస్త్రీ కొడితే ముందు పన్ను విరిగింది. "మా అన్నలిద్దరూ వాణ్ణి నరుకుతామని తిరుగుతున్నారు అక్కా. నాకేం కావాలని ఇంట్లో ఒక్కరూ అడగలేదు," అన్నది. అన్నం పెట్టి, నేను అడిగాను. మూడు గంటలు చెప్పింది. రెండు చెవులతో విన్నాను.

బుధవారం ఆమెతో స్టేషన్‌కి వెళ్తున్నాను. దారి నాకు తెలుసు, ఆ పని నేను చూసుకుంటాను. ఆ అన్నలిద్దరితో మాత్రం నా వల్ల కాదు. ఆడదాని మాటని తోసేస్తారు. నువ్వు రా. పంటు ఎక్కి వాళ్ళింటికి వెళ్ళి, వాళ్ళ పక్కన చాప మీద కూర్చో. నీతులు చెప్పకు. వాళ్ళ కోపం తప్పనకు. నీకేం జరిగిందో, నువ్వేం చేశావో, సిగ్గు పడకుండా మొదటి నుంచి చెప్పు. వాళ్ళు చెల్లెలి వైపు తిరిగి, "నీకేం కావాలి?" అని అడిగేదాకా లేవకు.

ఈ కాగితం రేపు పొద్దున్న బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను, మంగళవారం సాయంత్రానికల్లా దిగు. కుమారినీ, చిన్నదాన్నీ తీసుకురా. పీతలు గుడ్డుతో పడుతున్నాయి.

నీ కోసం చూస్తూ ఉండే
జానకక్క